మగ్గం గుంటలో ఊరిన నీళ్లు

2022 వానాకాలం. సిద్దిపేట చుట్టుపక్కల చెరువులన్నీ నిండి ఉన్నాయి. బోర్లు వేసి వేసి విసిగిపోయిన ఊళ్లలో పాడుబడ్డ బావుల్లోకి కూడా నీళ్లు వచ్చి చేరాయి. కొండపాక దగ్గర మా ఊళ్లో మా అన్నదమ్ములు యాసంగిలో కూడా వరి వేస్తున్నారు. అందరికీ పండుగలాంటి ఆ నీళ్లే నాకు చేతినిండా పని తెచ్చిపెట్టాయి.

నా పని వాటర్‌ప్రూఫింగ్. దుబాయిలో పెద్ద పెద్ద భవనాల బేస్‌మెంట్లలో పనిచేస్తూ నేర్చుకున్నాను. ఇక్కడ బేస్‌మెంటును సెల్లార్ అంటారు. బట్టల దుకాణం గోదాము కావచ్చు, ఆసుపత్రి పార్కింగు కావచ్చు, అపార్ట్‌మెంటు మోటారు గది కావచ్చు, నేల కిందికి దిగిన ప్రతి కట్టడానికీ ఏదో ఒకనాడు నీటితో పేచీ వస్తుంది. అలాంటివి ఎన్నో చూశాను, చాలావరకు మరిచిపోయాను. మనిషి కాళ్లు మోకాళ్ల దాకా పట్టేంత ఒక చిన్న గుంటను మాత్రం మరవలేకపోయాను.

ఆ గుంట భాగ్యమ్మ ఇంట్లో ఉండేది. నేను సామాను తీసుకునే సిమెంటు దుకాణం ముందు ఒకరోజు పొద్దున ఆమె నాకోసం నిలబడి ఉంది. యాభై ఏళ్లు దాటిన మనిషి. కొంగు నడుముకు చుట్టి, నడిచి వచ్చిన అలసటతో గోడకు ఆనుకుంది.

"సెల్లార్లల్ల నీళ్లు బంద్ జేసేది నువ్వేనా అన్నా?"

"అవునక్కా. మీకెక్కడ వస్తున్నయి?"

"మా మగ్గం గుంటల ఊరుతున్నయి. పొద్దుగాల తోడితే మాపటికి మల్ల నిండుతున్నయి. జర వచ్చి సూడరాదు?"

మాది నేతపని చేసే ఇల్లు కాదు. గుంట మగ్గాన్ని దగ్గరగా చూసింది ఆ రోజే. గదిలో నేలను తవ్వి గుంట చేస్తారు. నేతగాడు దాని అంచున కూర్చుని, కాళ్లు లోపల పెట్టి, కింద ఉన్న కర్రలను తొక్కుతూ నేస్తాడు. భాగ్యమ్మ మరిది నర్సింలు అలాగే కూర్చుని నేస్తున్నాడు. మేము గదిలోకి వచ్చినా తలెత్తలేదు. అతనికి పుట్టినప్పటినుంచి వినపడదు, మాట రాదు. భాగ్యమ్మ మడమతో నేలను ఒక్కసారి తన్నింది. ఆ అదురు కాళ్లకు తెలిసి, అతను వెంటనే తిరిగి చూసి నవ్వాడు.

వంగి గుంటలోకి చూశాను. చీలమండల దాకా నీళ్లు. రెండు కాళ్లకూ పాలిథిన్ కవర్లు తొడిగి తాడుతో కట్టుకున్నాడు. కవర్లలోకి కూడా నీళ్లు పోయాయి. పాదాలు తెల్లగా నాని ఉన్నాయి. ఎడమ అరికాలి కింద ఒక పుండు ఉంది.

"షుగరున్నది అన్నా," భాగ్యమ్మ మెల్లగా చెప్పింది. "కాలుకు తడి తగలొద్దని దవాఖానల చెప్పిన్రు. ముల్లు గుచ్చినా వానికి తెలుస్తలేదు. నేనెంత వద్దని సైగ జేసినా మల్ల పోయి గుంటలనే కూసుంటడు."

ఆమె భర్త బొంబాయి దగ్గర భివండిలో పవర్‌లూమ్ మీద పనిచేస్తూ అక్కడే జబ్బు చేసి పోయాడట. పిల్లలు లేరు. ఆమె కాపురానికి వచ్చేసరికి నర్సింలు చిన్నపిల్లవాడు. తల్లి పోయాక ఆమే పెంచింది. తండ్రి అతనికి చేతులు పట్టుకుని మగ్గం నేర్పాడు. బడిలో చేర్చుకోని పిల్లవాడికి ఆ గుంటే బడి అయిందని ఆమె అన్నది. ఆమె నూలును కండెలుగా చుడితే అతను నేసేవాడు.

నీళ్లు ఎక్కడివో ముందు తేల్చుకోవాలి. పైపు పగిలి వచ్చే నీటికి ఒక వైద్యం, భూమిలోంచి ఊరే నీటికి ఇంకో వైద్యం. గల్లీలో నల్లా బంద్ ఉన్న రోజు గుంటంతా తోడి చూశాను. అయినా ఊరాయి. గల్లీ చివర ఒక పాత చేదబావి ఉంది. అందులో నీళ్లు చేతికి అందేంత పైకి వచ్చాయి. నీళ్లు నింపిన ట్యూబుతో లెవల్ పట్టి చూస్తే బావిలో నీళ్లూ గుంటలో నీళ్లూ ఒకే మట్టంలో ఉన్నాయి. దీన్ని మేము వాటర్ టేబుల్ అంటాం. భూమిలో నీరు నిలిచే మట్టం అన్నమాట. అది పైకి వచ్చింది. గుంట దానికంటే కింద ఉంది. గది గోడలకు కూడా నడుము ఎత్తుదాకా చెమ్మ ఎక్కింది. వత్తిలో నూనె పాకినట్టు ఇటుకలో తడి పైకి పాకుతుంది. పడుగు నూలు మెత్తబడి బూజు వాసన వస్తోంది.

భాగ్యమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "అక్కా, గిది భూమిల నీరు. చెరువు నిండినన్ని దినాలు వస్తనే ఉంటది. గుంట పూడ్చి, మగ్గాన్ని పైకి లేపి స్టాండు మీద పెట్టుకుంటే మంచిది."

ఆమె నర్సింలు వైపు చూసింది. అతని చేయి తాడు గుంజుతోంది, కండె ఉన్న నాడె పడుగులో అటూ ఇటూ పోతోంది.

"పూడిస్తే వానికేం జెప్పాలె? ఎట్ల జెప్పాలె?" అన్నది. "ఇంకో తొవ్వ లేదా?"

ఉంది కానీ గట్టి హామీ ఇవ్వలేనన్నాను. నీరు బయటినుంచి లోపలికి తోస్తున్నప్పుడు లోపలి వైపునుంచే పూత వేయడాన్ని నెగటివ్ సైడ్ పని అంటాం. అందులో చిక్కు ఏమిటంటే, నీటి ఒత్తిడి పూతను గోడకు అదమదు, గోడనుంచి ఊడదీయాలని చూస్తుంది. వానలు జాస్తి అయితే నిలవకపోవచ్చని చెప్పాను. ఆమె సరేనంది.

గుంట ఆరే దాకా నర్సింలును మగ్గం ఎక్కనివ్వొద్దని చెప్పి పని మొదలుపెట్టాను. నీరు చిమ్మే చోట్లను గబుక్కున గట్టిపడే సిమెంటుతో మూశాను. అడుగున కాంక్రీటు వేసి, పైన పూత మీద పూత వేశాను. నర్సింలు పక్కనే గొంతుక్కూర్చుని నా చేతుల వంకే చూసేవాడు. నేను తాపీ కింద పెడితే అందించేవాడు. గుంట ఆరిన రోజు లోపలికి దిగి, పొడి గచ్చు మీద రెండు పాదాలూ ఆనించి, నా వైపు చూసి రెండు చేతులూ జోడించాడు. నేనూ జోడించాను.

ఆ పని బతుకమ్మ దాకా నిలిచింది. తర్వాత ముసురు పట్టింది. చెరువులు అలుగు పారి మత్తళ్లు దుంకుతున్నాయని జనం చెరువుల దగ్గరికి పోయి ఫోటోలు దిగుతున్న రోజుల్లో భాగ్యమ్మ ఫోను చేసింది.

"అన్నా, అడుగు గచ్చు లేసింది. మల్ల నీళ్లొచ్చినయి. వాడు నాకు సైగన్న జెయ్యలే. గుంట మీద చాప కప్పి పెట్టిండు. ఇయ్యాల నీళ్లల్ల రక్తం కనవడ్డది."

నేను పోయేసరికి అతను మగ్గం మీదే ఉన్నాడు. గచ్చు మధ్యలో ఉబ్బి పగిలింది. కింది నీటి ఒత్తిడికి అంత బరువూ లేచింది. పుండు చూశాను. అరికాలిలో సగం నల్లబడి ఉంది.

"ముందుగాల దవాఖానకు తీస్కపోండ్రి. గుంట ఇయ్యాలనే పూడుస్త," అన్నాను.

దవాఖానకు పోయే ఆటో వాకిట్లోకి వచ్చినా నర్సింలు ఇల్లు కదలలేదు. ట్రాలీ ఆటోలో కంకర, మొరం తెప్పించాను. మగ్గం తాళ్లు విప్పి కర్రలు పైకి తీసేదాకా నర్సింలు గోడకు ఆనుకుని చూస్తూ ఉన్నాడు. మొదటి తట్ట కంకర గడప దాటగానే వచ్చి గుంటలోకి దిగాడు. నీళ్లలో కూర్చున్నాడు. నేను చేయి పట్టి లేపబోతే విదిలించాడు. గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. అంతవరకు అతని గొంతు నేను వినలేదు. కూలీలు తట్టలు కింద పెట్టి బయటికి పోయారు.

భాగ్యమ్మ సైగలు చేసింది. కాలు చూపించింది, దవాఖాన వైపు చూపించింది, దండం పెట్టింది. అతను తల దించుకున్నాడు, చూడనే లేదు. చూడకపోతే ఆమె మాట అతనికి చేరే దారి లేదు.

అప్పుడు ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మెల్లగా తనూ గుంట దగ్గరికి వచ్చింది. అతని ఎదురుగా అంచుమీద కూర్చుని, రెండు పాదాలూ ఆ నీళ్లలో పెట్టింది. అలాగే కూర్చుంది. బయట వాన పడుతూనే ఉంది. గుంటలో నీళ్లు ఇంకాస్త పెరిగాయి.

కొంతసేపటికి నర్సింలు ఆమె పాదాలను చూశాడు. వంగి, ఒక్కో పాదాన్నీ రెండు చేతులతో నీళ్లలోంచి ఎత్తి, గట్టు మీద పెట్టాడు. తన భుజం మీది తువ్వాలతో తుడిచాడు. తర్వాత తనూ లేచి బయటికి వచ్చి, నా వైపు చూడకుండా, వానలోనే పోయి ఆటోలో కూర్చున్నాడు.

వాళ్లు దవాఖానకు పోయాక నీళ్లు తోడించి, అడుగున పెద్ద కంకర పోసి, దానిపైన మొరం వేసి గట్టిగా దిమ్మిస కొట్టించాను. పెద్ద కంకరలోంచి తడి పైకి పాకదు. ఆపైన మందం ప్లాస్టిక్ షీటు పరిచి గచ్చు చేశాను.

నర్సింలు కాలు దక్కలేదు. చీలమండ పైన తీసేశారు. దవాఖాన వరండాలో నేల మీద కూర్చున్న భాగ్యమ్మ నన్ను అడిగింది:

"మొదలే పూడిస్తే కాలు దక్కునా అన్నా?"

"డాక్టరేమన్నడు?"

"చీము ఎప్పుడో ఎముకకు వట్టిందన్నడు. నువ్వు రాకముందే."

"మరి?"

"మరేం లేదు. అడగబుద్ధయింది."

నేను ఆమె పక్కన కూర్చున్నాను.

ఎండాకాలం మొదట్లో ఒకసారి వాళ్లింటికి పోయాను. మగ్గం స్టాండు మీదికి ఎక్కింది కానీ దానిమీద నూలు లేదు. నర్సింలు కొన్నాళ్లు ప్రయత్నించాడని భాగ్యమ్మ చెప్పింది. రెండు కాళ్లతో మార్చి మార్చి తొక్కాల్సిన కర్రలను ఒంటికాలితో తొక్కాడు. నేత ఒకచోట పలుచగా, ఒకచోట బిగువుగా వచ్చింది. ఒకరోజు అతనే కత్తెర తీసుకుని నేసినంత కోసి, మడతపెట్టి ఆమె చేతిలో పెట్టాడట. మళ్లీ మగ్గం ఎక్కలేదు. ఇప్పుడు పక్కింటివాళ్ల మగ్గానికి ఇద్దరూ కండెలు చుడుతున్నారు.

నన్ను చూడగానే నర్సింలు చంకకర్ర ఆసరాతో లేచాడు. నా చేయి పట్టుకుని గదిలోకి తీసుకుపోయాడు. ఒకప్పుడు గుంట ఉన్న చోట కష్టపడి కూర్చుని, అరచేయి గచ్చుకు ఆనించి, ఎత్తి నాకు చూపించాడు. అరచేయి పొడిగా ఉంది. తల ఊపి, నా భుజం తట్టాడు. పని బాగా చేశావని అలా చెప్పాడు. ఇన్నేళ్లలో నన్ను చాలామంది మెచ్చుకున్నారు. ఆ రోజు మాత్రం అతని ఎదుట నిలబడలేక, నీళ్లు తాగే నెపంతో బయటికి వచ్చేశాను.

ఆ గుంట తర్వాత నా పద్ధతి మారింది. ఎవరైనా సెల్లార్ చూడమని పిలిస్తే గోడ తడమకముందే ఒకటి అడుగుతాను, రోజంతా ఇక్కడ ఉండేది ఎవరని. వాచ్‌మెన్ కుటుంబమో, కుట్టుమిషన్ల దగ్గర ఆడవాళ్లో ఉన్నారంటే, ముందు వాళ్లను పైకి మార్చమంటాను. వాళ్ల కాళ్లు చూస్తాను, దగ్గు ఉందా అని అడుగుతాను. డాక్టరువా అని కొందరు నవ్వుతారు. నవ్వనీ అనుకుంటాను. వాళ్లు పైకి వచ్చాకే నా సామాను దించుతాను.