చీమ బతికిన పాలు

మా అత్తగారింట్లో ఎవరి పాలు మంచివో, ఎవరివి చెడ్డవో తేల్చేది చీమ. కోపంతో కల్పించి చెబుతున్న మాట కాదిది. కోపం ఉంది, అది వేరే సంగతి.

తొంభైల మొదట్లో చిక్కపేటలో చీరల టోకు దుకాణాల వెనక సందులో, మేడ మీద రెండు గదుల్లో ఉండేవాళ్ళం. కింద తోపుడుబండ్లవాళ్ళ అరుపులు, పైన మా అత్త అరుపులు. ఆమె పుట్టడం, పెళ్ళాడటం, పెత్తనం చెయ్యడం అన్నీ ఆ పేటలోనే జరిగాయి. మా ఆయన ఒక దుకాణంలో గిరాకీలకు చీరలు విప్పి చూపించేవాడు. నేను హిందూపురం పక్క పల్లె నుంచి వచ్చినదాన్ని, ఇంటరు దాకా చదివినదాన్ని. నా చిన్నప్పుడే అమ్మ పోయింది కాబట్టి పురిటికి పోవడానికి పుట్టిల్లు లేక అత్తగారింట్లోనే ఉండిపోయాను. అదే వారంలో మా ఆడబిడ్డ, అంటే మా ఆయన చెల్లెలు, పురిటికి పుట్టింటికొచ్చి కన్నది. నాకు ఆడపిల్ల, ఆమెకు మగపిల్లాడు.

మేమిద్దరం కన్న ప్రభుత్వాసుపత్రిలో గోడ మీద ఒక పెద్ద బొమ్మ ఉండేది. తల్లి, ఒళ్ళో బిడ్డ, కింద ఆ ఊరి భాష కన్నడంలో తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమన్న మాట. మమ్మల్ని ఇంటికి పంపేటప్పుడు నర్సు అత్తను ఆ బొమ్మ కింద నిలబెట్టి పాఠం చెప్పింది. మొదట వచ్చే పచ్చటి పాలు పారబోయొద్దు, తేనె నాకించొద్దు, నాలుగు నెలల దాకా నీళ్ళు కూడా పట్టొద్దు, డబ్బాపాల జోలికి పోనే పోవద్దు. అప్పట్లో నాలుగు నెలలనేవాళ్ళు, ఆరని తర్వాత మార్చారు. అత్త ప్రతి మాటకూ తల ఊపి, సగం కన్నడంలో "ఆగలి మా, అట్లనే చేస్తాం" అంది. ఆటో ఎక్కాక అసలు మాట అంది.

"వాళ్ళదేముండాదిలే, చెప్పి పంపిస్తారు. సాకేది మనం గదా."

ఇంటికొచ్చాక మా ఆడబిడ్డకు జ్వరం తగిలింది. పిల్లాడు రొమ్ము సరిగ్గా అందుకోలేక ఒకటే ఏడుపు. రొమ్ము పట్టించడం ఎలాగో నేర్పేవాళ్ళుంటే సరిపోయే కష్టం అది. మా అత్తకు మాత్రం మనవడు ఏడ్చాడంటే అది పాల తప్పే, వాడి తప్పు కాదు. గూట్లో ఉన్న చిన్న గరిటె తెచ్చి కూతురి పాలు కొంచెం పిండించింది. చక్కెర డబ్బా చుట్టూ ఎప్పుడూ తిరిగే నల్లచీమల్లో ఒకదాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అందులో వేసింది. చీమ పాకి బయటపడితే పాలు మంచివి, చస్తే విషం. ఆ పేటలో మా వాళ్ళందరికీ తెలిసిన పరీక్షే అది. గరిటె మీదకి మూడు తలకాయలు వంగి చూశాయి. చీమ ఒక్కసారి కాళ్ళాడించి ఆగిపోయింది.

"చూస్తివా, సచ్చె! బిడ్డకు విషం పోస్తా ఉండావే నువ్వు!" అని కూతురి మీద విరుచుకుపడింది. తర్వాత నా పాలు పిండించింది. ఈసారి చీమను వేళ్ళతో పట్టలేదు. బెల్లం ముక్కను పట్టుకున్న చీమను ముక్కతో సహా గరిటె మీదికి దులిపింది. అది సుఖంగా ఈదుకుంటూ అంచు మీదికొచ్చింది. మొదటిదాన్ని వేళ్ళ మధ్య సగం చంపి వేసిందని నేను కళ్ళారా చూశాను. చూశానని చెప్పడానికి నోరుండాలి. ఆ ఇంట్లో నోరు ఒక్కరికే ఉండేది.

ఆ పూట నుంచే తీర్పు అమలయింది. నా పాలు మంచివి కాబట్టి మనవడికి. మనవడి కడుపు నిండాక మిగిలితే నా కూతురికి, మిగలకపోతే డబ్బా. మా ఆడబిడ్డ పాలు ఎండిపోవడానికి మార్కెట్టు నుంచి మల్లెపూలు తెప్పించి, రొమ్ముల మీద పరిచి, పాత పంచెతో బిగించి కట్టింది. పూటపూటకీ పూలు మార్చేది. గదంతా మల్లెల వాసన, దాని కింద పులిసిన పాల వాసన. రొమ్ములు గడ్డకట్టి ఆమె గోడకు తిరిగి మూలుగుతుంటే, నేను ఆమె కొడుక్కి పాలిస్తూ, నా కూతురి ఏడుపు వింటూ కూర్చునేదాన్ని. ఆ రోజుల తర్వాత ఆమె తలలో మల్లెపూలు నేను ఎన్నడూ చూడలేదు.

డబ్బా వచ్చిన రోజు దాని మీది అక్షరాలు పైకి చదివాను. తల్లిపాలే బిడ్డకు మేలని ఇంగ్లీషులో, హిందీలో పెద్ద అక్షరాలతో ఉంది. అలా రాయాలని కొత్తగా చట్టం వచ్చిందని తర్వాత తెలిసింది.

"అత్తా, తల్లిపాలే ఇయ్యమని ఈ డబ్బా మీదే రాసినారు."

"ఎవురికి రాసినారో వాళ్ళు సదువుకుంటార్లే. నువ్వు నీళ్ళు కాగబెట్టు."

కలపడం మాత్రం తనే కలిపేది. గట్టిగా కలిపితే ఆడపిల్లకు అరగదని, గిన్నె అడుగు కనిపించేంత పల్చగా కలిపేది. నేను పనిలో ఉంటే కాగని నీళ్ళే పోసేది.

ఒక మధ్యాహ్నం అత్త కింద కొళాయి దగ్గర ఉంది. సీసా ఖాళీ అయింది, నా రొమ్ములు పిల్లాడు ఖాళీ చేశాడు, నా కూతురు గుక్కపట్టి ఏడుస్తోంది. మా ఆడబిడ్డ మంచం మీద లేచి కూర్చుని పంచె ముడి విప్పింది. వాడిపోయిన పూలు ఒళ్ళో రాలాయి. ఇన్నాళ్ళు కట్టినా పాలు పూర్తిగా ఎండలేదు.

"ఇట్లియ్యి వదినా, దాన్ని" అంది.

ఇచ్చాను. భయపడుతూనే ఇచ్చాను. ఇంటరు చదివినదాన్ని, నలిపిన చీమను చూసినదాన్ని, అయినా నా కూతురి పెదాలు నీలం తిరుగుతాయేమోనని పక్కనే కూర్చుని చూశాను. అది కళ్ళు మూసుకుని తాగింది. మా ఆడబిడ్డ ముఖం తేటపడింది. అప్పటి నుంచి అత్త కిందికి దిగితే చాలు, మేమిద్దరం పిల్లల్ని మార్చుకునేవాళ్ళం. ఆమె బిడ్డ నా దగ్గర, నా బిడ్డ ఆమె దగ్గర. నా కూతురు బుగ్గ నిండింది. నేను ఆ ఇంట్లో సంతోషంగా ఉన్న రోజులంటే అవే.

ఒకరోజు అత్త చప్పుడు చెయ్యకుండా పైకి వచ్చింది. తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది. ఇంక జుట్టు పట్టుకుంటుందనుకున్నాను. ఆమె అరవలేదు. దగ్గరికొచ్చి, పాలు తాగుతున్న నా కూతుర్ని కాసేపు చూసి, నిదానంగా అంది.

"తాగనీ. ఏమైతాదో సూస్తాం."

ఆ మాట నాకు వెంటనే అర్థం కాలేదు. వదిలేసింది, మనసు కరిగింది అనుకున్నాను. తర్వాత రోజూ పొద్దున్నే నా కూతురి నాలుక చాపించి చూడటం, కడుపు నొక్కి చూడటం మొదలుపెట్టాక అర్థమైంది. ఆ పాలు విషమని ఆమె నమ్మింది. నమ్మి, నా కూతుర్ని తాగనిచ్చింది. గరిటెలో చీమకు బదులు ఈసారి మంచం మీద నా బిడ్డ.

నా బిడ్డ చావలేదు, పైగా ఒళ్ళు చేసింది. దాంతో పాలు మంచివని రుజువైంది. అత్త కూతురి పంచె విప్పేసి, పూలు పారేసి, "ఇంక మగోనికి రెండు దిక్కులా తాపండి" అంది. ఇద్దరి పాలూ వాడికే. నా కూతురు మళ్ళీ డబ్బాకి.

నువ్వెందుకు ఊరుకున్నావని అడుగుతారు. ఊరుకోలేదు. మా ఆయనతో చెప్పుకుంటే "అమ్మ పెద్దది, ఆమెకు తెల్దా" అన్నాడు. అత్త స్నానానికి వెళ్ళినప్పుడు కూతురి నోటికి రొమ్ము అందించాను. మళ్ళీ సీసా రబ్బరుకే అలవాటుపడిపోయిన పిల్ల నా రొమ్మును నోట పెట్టుకుని, లాగలేక, ముఖం తిప్పుకుని ఏడ్చింది. కన్న బిడ్డ అలా ముఖం తిప్పుకుంటే ఎలా ఉంటుందో చెప్పే భాష నా దగ్గర లేదు. నేనూ ఏడ్చాను.

ఎండలు ముదిరాక నా కూతురికి విరేచనాలు పట్టుకున్నాయి. కడుపు ఎండగడితే తగ్గుతుందని అత్త ఆ నీళ్ళపాలు కూడా ఆపించింది. కళ్ళు లోపలికి పోయాక గానీ ఆసుపత్రికి కదలలేదు. అదే ఆసుపత్రి, గోడ మీద అదే బొమ్మ. బిడ్డకు ఏం పట్టిస్తున్నారని డాక్టరమ్మ అడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్త అంది, "తల్లిపాలే మా. ఇంకేమీ లేదు." డాక్టరమ్మ నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. చేతులు సరిగ్గా కడుక్కోని తల్లిని చూసే చూపది. సాయంత్రానికి పిల్ల పోయింది. నాకు మళ్ళీ పిల్లలు పుట్టలేదు.

ఏళ్ళు గడిచాయి. మా పేటకు ఆరోగ్య కేంద్రం నుంచి ఒకామె వచ్చి, ఇంటింటా ఆడవాళ్ళను కూర్చోబెట్టి, దేశమంతటికీ కొత్తగా వచ్చిన నియమాలు చెప్పింది. పుట్టిన గంటలోపు పాలు, ఆరు నెలలు తల్లిపాలే, ఆ తర్వాత మెత్తటి తిండి, రెండేళ్ళ దాకా పాలు మానొద్దు. మంచి మాటలు, ఒక్కటీ కాదనడానికి లేదు. ఆ నియమాల్లో శిశువు అన్న మాట ఒక్కటే ఉంది, మా ఇంట్లో శిశువులు రెండు రకాలు. అంతా విన్నాక మా అత్త, సెలవులకొచ్చిన మనవణ్ణి ముందుకు తోసింది.

"ఈడ్ని సూడమ్మా. ఇద్దరు తల్లుల పాలు తాగినోడు. మా ఇంట్లో తల్లిపాలు తప్ప ఏమీ పెట్టలేదు."

ఆ వచ్చినామె మురిసిపోయి, ఇలాంటి అవ్వ ప్రతి ఇంట్లో ఉండాలంది. అందరూ చప్పట్లు కొట్టారు. వాడు నిజంగానే బలంగా ఉన్నాడు. వాడి మీద నాకు ఏ కోపమూ లేదు, వాడు నా పాలు తాగినవాడే.

తర్వాత అత్తకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పడిపోయింది, బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదు. గరిటెతో పాలు పట్టాలన్నారు. పట్టడానికి ఇంట్లో నేనే ఉన్నాను.

అదే గరిటె వెతికి తీశాను. పాలు పోసి, ఆమె కళ్ళముందు పట్టుకుని, చక్కెర డబ్బా దగ్గరి చీమను అందులో వేసేదాన్ని. పాకి బయటికొస్తే పట్టేదాన్ని. చస్తే, "సచ్చె అత్తా, ఈ పాలు మంచివి కావు" అని పారబోసేదాన్ని. మొదటి రోజే ఆమెకు అర్థమైంది. ఆమె కళ్ళు చీమ వెంటే తిరిగేవి. చీమ అంచు చేరేదాకా ఊపిరి బిగబట్టేది. చీమను ఎలా పట్టుకోవాలో నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను కదా. కొన్నిసార్లు మెల్లగా పట్టుకునేదాన్ని, కొన్నిసార్లు గట్టిగా. పశ్చాత్తాపం కోసం చూడకండి, నా దగ్గర లేదు.

ఒక ఆదివారం మా ఆడబిడ్డ తల్లిని చూడటానికి వచ్చింది. నేను గరిటె పట్టుకుని మంచం పక్కన ఉన్నాను. తలుపు దగ్గరే ఆగి, గరిటెను చూసింది, అందులో తేలుతున్నదాన్ని చూసింది. అరుస్తుందేమో అనుకున్నాను. అరిచినా నా దగ్గర జవాబుంది. తల్లి ఆమె వైపు తిరిగి, బాగున్న చేత్తో మంచం మీద కొట్టింది. కూతురొచ్చింది, ఇంక నా ఆట కట్టు అని ఆమె ధైర్యం.

మా ఆడబిడ్డ వచ్చి మంచం మీద కూర్చుని, తల్లి చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది. తర్వాత గరిటెలోకి వంగి చూసింది.

"సచ్చిపోయిందా వదినా?"

"సచ్చిపోయింది."

"అయితే ఈ పూటకు వద్దులే" అంది.

అత్త నోరు తెరుచుకునే ఉంది. నేను లేచి పాలు పారబోశాను.