ఎర్ర కుళాయిలో చన్నీళ్ళు

ఆ ఓడకి కట్టినవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అందులో పనిచేసేవాళ్ళెవరూ ఆ పేరుతో పిలవరు. అందరికీ అది ముసలమ్మ. ముప్పై ఎనిమిదేళ్ళంటే షికారు ఓడకి పెద్ద వయసే. ఈ కాలపు కొత్త ఓడల్లో నీటి జారుడుబల్లలుంటాయట, గాజు నేలలుంటాయట. ముసలమ్మలో ఉన్నవల్లా ఒక ఈతకొలను, ఒక నాట్యశాల, రెండు లిఫ్టులు, ఒక చిన్న పుస్తకాల గది. ఈతకొలను అడుగున పెంకులు ఊడుతుంటాయి. లిఫ్టుల్లో ఒకటి నాలుగో అంతస్తు దగ్గర ఆగి కాసేపు ఆలోచించుకుని గానీ కదలదు. భోజనశాలలో ఏసీ ఒక మూల వణికిస్తే ఇంకో మూల కాగితాలతో విసురుకునేలా చేస్తుంది. అయినా ఏటా వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు, ఎవరి మూల వాళ్ళు ఎరిగి కూర్చుంటారు.

ఈ ముసలమ్మ ఒంట్లో నీళ్ళు నడిపించే మనిషి పానా బాబాయి. ఓడ ప్లంబరు. నడుముకి ఎప్పుడూ పానా వేలాడుతుంటుంది కాబట్టి ఆ పేరు. వయసులో పెద్దవాళ్ళు కూడా ఆయన్ని బాబాయనే పిలుస్తారు. ఇరవై ఆరేళ్ళుగా ఏడాదికి ఎనిమిది నెలలు ఆయన బతుకంతా గదుల గోడల వెనక ఉండే సన్నటి సందుల్లోనే. గొట్టాల మధ్య పక్కకి తిరిగి నడిచీ నడిచీ, ఒడ్డున వెడల్పాటి రోడ్డు మీద కూడా కాస్త పక్కవాటుగానే నడుస్తాడు. గొట్టం మీద అరచెయ్యి వేసి, నీరు ఎక్కడ అడ్డం పడిందో చెప్పేస్తాడు. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు, ఒకటికి నాలుగుసార్లు పందెం కాసి ఓడినవాళ్ళున్నారు.

ఈ ఏడు కంపెనీ ఆయన చేతికొక కాగితం ఇచ్చింది. సంతకం పెడితే ఇంకో ఐదేళ్ళు పనిలో ఉండొచ్చు. లేదంటే ఈ విడత ప్రయాణాలు ముగియగానే ఇంటికెళ్ళి హాయిగా కూర్చోవచ్చు. బాబాయికి రెండో ఆలోచన లేదు. పెన్ను కూడా తీశాడు. అయినా భార్య చెవిన ఒక మాట వెయ్యడం మర్యాద కదా అని ఫోన్ చేశాడు. అక్కడే వచ్చింది చిక్కు.

పిన్ని బట్టలు కుడుతుంది. మాటలు కూడా కొలిచి కత్తిరించినట్టే ఉంటాయి. అంతా విని, తాపీగా చెప్పింది.

“ఇరవై ఆరేళ్ళుగా ఎప్పుడడిగినా, నేను లేకపోతే ఓడ నడవదంటారు. ఆ వైభోగమేదో నేనూ ఒక వారం చూస్తా. మీరు లేనిదే నడవదని నాకనిపిస్తే, నేనే పెన్నిచ్చి సంతకం పెట్టిస్తా. నడుస్తుందనిపిస్తే మాత్రం మారుమాట్లాడకుండా ఇంటికొచ్చెయ్యాలి.”

బాబాయి సరేనన్నాడు. ఫోన్ పెట్టేశాక గానీ తను ఒప్పుకున్నదేమిటో ఆయనకి తలకెక్కలేదు. ఆ వారం ఓడలో ఏదీ చెడకపోతే, ఇక మీతో పనేముందని అంటుంది. ఏదైనా చెడితే, ఇన్నేళ్ళూ మీరు చేసిన నిర్వాకం ఇదా అని అంటుంది. ఎటు తిరిగినా తనకే తంటా.

సిబ్బంది ఇంటివాళ్ళకి ఏడాదికొక వారం గది ఉచితం. కూతురి చదువనీ, అత్తగారి ఒంట్లో బాగాలేదనీ, చేతినిండా కుట్టుపనులనీ పిన్నికి ఇన్నాళ్ళూ కుదరలేదు. ఈసారి ఒక చిన్న పెట్టెతో దిగింది. ఎనిమిదో అంతస్తులో గది. ఆ గదిలో బాబాయికి మాత్రం చోటు లేదు. సిబ్బంది పడక కింది అంతస్తులో, సిబ్బంది గదుల్లోనే. పైగా గోడకి వెనక గొట్టాలు ఒక విభాగానివి, గోడకి ముందు కుళాయిలూ అద్దాలూ మరో విభాగానివి. వెనకవాళ్ళు నూనె మరకల బట్టలతో ప్రయాణికుల గదుల్లో అడుగుపెట్టకూడదు. సొంత పెళ్ళాం గదైనా అదే చట్టం. కాబట్టి మొగుడూ పెళ్ళాలు రోజూ సాయంత్రం వెనక వైపు డెక్కు మీద, రెండు మడత కుర్చీలు వేసుకుని టీ తాగేవారు.

మొదటి మూడు రోజులూ ముసలమ్మ బుద్ధిమంతురాలిలా నడుచుకుంది. లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగకుండా చక్కాపోయింది. ఈతకొలనులో ఒక్క పెంకూ ఊడలేదు. పిన్ని ఈతకొలను పక్కన పడుకుంది, పుస్తకాల గదిలో కునుకు తీసింది, నాట్యశాలలో ఎవరో ముసలాయన చెయ్యిస్తే వెళ్ళి రెండు చుట్లు తిరిగొచ్చింది. సాయంత్రం టీ తాగుతూ, అంతా చక్కగా ఉంది కదండీ అని మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు విన్న బాబాయి మొహం వాడిపోయింది. జీవితంలో మొదటిసారి ఆయన ఏదో ఒక గొట్టం పగిలితే బాగుండునని కోరుకున్నాడు, వెంటనే సిగ్గుపడ్డాడు. లిఫ్టు మెకానిక్కు స్నేహితుడే. సంగతి విని, కావాలంటే పిన్ని ఎక్కినప్పుడు లిఫ్టు ఆపేస్తాను, నువ్వొచ్చి బాగుచేసినట్టు నటించు అని సాయానికి దిగాడు. బాబాయి అతన్ని కసిరి పంపించాడు.

నాలుగో రోజు టీ దగ్గర పిన్ని మామూలుగానే అడిగింది. “అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఎర్ర కుళాయి తిప్పితే చన్నీళ్ళెందుకొస్తాయండీ?”

బాబాయి నవ్వాడు. ఎర్ర గుర్తున్నది వేడినీళ్ళది, నీలం గుర్తున్నది చన్నీళ్ళది, నువ్వే తికమకపడి ఉంటావన్నాడు. పిన్ని తికమకపడే రకం కాదు. దిగిన రోజునే గదులు సర్దే అమ్మాయి చెప్పిందట, ఎర్రది చల్లవి, నీలంది వేడివి, ఈ అంతస్తులో అంతేనండీ అని. గడగడా, పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పిందట.

బాబాయి టీ వదిలేసి లేచాడు. ఉతికిన చొక్కా వేసుకుని, గదులు సర్దేవాళ్ళ మీద పెద్ద అయిన పెద్దక్క దగ్గరికెళ్ళి అనుమతి అడిగాడు. పెద్దక్క ఎందుకో నీళ్ళు నమిలింది గానీ తాళాలిచ్చింది. బాబాయి పిన్ని స్నానాలగదిలో ఎర్ర కుళాయి తిప్పి చెయ్యి పెట్టాడు. చన్నీళ్ళు. పక్క గదిలో చన్నీళ్ళు. దాని పక్క గదిలోనూ అంతే. చివరిదాకా వెళ్ళి లెక్కపెడితే పద్దెనిమిది గదులు. ఆ అంకె ఆయనకి బాగా తెలిసినదే.

ఆయన ఓడలో చేరిన మొదటి ఏడు, మొట్టమొదటి పెద్ద పని అదే. ఎనిమిదో అంతస్తులో పద్దెనిమిది గదులకి పాత గొట్టాలు పీకి కొత్తవి వెయ్యడం. చేతికిచ్చిన బొమ్మలో వేడిది ఎడమ, చల్లది కుడి అని ఉంది. బాబాయి అలాగే ఎడమకి వేడిది, కుడికి చల్లది బిగించాడు. బొమ్మ గీసినవాడు గదిలో నిలబడి గీశాడు, బిగించినవాడు గోడ వెనక నిలబడి బిగించాడు. గోడకి వెనకనుంచి చూస్తే గదివాళ్ళ ఎడమ తనకి కుడి అవుతుందని ఆ వయసులో తట్టలేదు. ఆ తర్వాత ఆ గదుల్లో అడుగుపెట్టి చూసిన పాపాన పోలేదు.

తల కొట్టేసినట్టయి స్నానాలతొట్టి అంచున కూలబడ్డాడు. తలుపు దగ్గర పెద్దక్క నిలబడి ఉంది. ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదని అడిగాడు.

“అప్పట్లో చెబితే నిన్ను తర్వాతి రేవులోనే దింపేసేవాళ్ళు. కొత్తగా పెళ్ళయినవాడివి. అందుకని మేమే ప్రతి ప్రయాణికుడికీ నోటితో చెప్పడం మొదలెట్టాం. నాలుగేళ్ళు పోయాక చెబుదామనుకున్నా గానీ, గొట్టాల గురించి నువ్వు మాట్లాడేటప్పుడు నీ మొహం చూస్తే నోరు రాలేదు. ఒక మాట ఎక్కువ చెప్పడం మాకేమన్నా బరువా?”

బాబాయికి కోపం రావాలి. రాలేదు. ఇరవై ఆరేళ్ళుగా, ఎందరు మారినా, గదులు సర్దేవాళ్ళంతా తన తప్పుని వారానికి పద్దెనిమిదిసార్లు నోటితో సర్దుకొచ్చారు. లిఫ్టు మెకానిక్కుకి కూడా తెలుసట. ఓడంతా ఎరిగిన సంగతి ఎరగనివాడు తనొక్కడే. ముక్కు చీదుకుని, రేపటినుంచి అన్నీ సరిచేస్తానన్నాడు.

మర్నాడూ ఆ మర్నాడూ ఓడ రేవుల్లో ఆగుతుంది. పగలంతా ప్రయాణికులు ఊళ్ళు చూడ్డానికి పోతారు. ఆ రెండు పగళ్ళూ ఎనిమిదో అంతస్తు నీళ్ళు ఆపుకోవడానికి ఇంజనీరు ఒప్పుకున్నాడు. గోడ వెనక పని బాబాయిది సరే, గోడ ముందు కుళాయి తిప్పి చెప్పేదెవరు? పిన్ని ఊరు చూడ్డానికి వెళ్ళలేదు. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని తయారైంది.

మొదటి గది దగ్గరే రభస అయింది. గోడ వెనకనుంచి బాబాయి, ఎడమది తిప్పు అని అరిచాడు. పిన్ని, నా ఎడమా మీ ఎడమా అని అరిచింది. నీ ఎడమే అన్నాడు. తిప్పింది, ఏమీ రాలేదు. అయితే నా ఎడమ అన్నాడు. మీ ఎడమేదో నాకెట్లా తెలుస్తుందండీ, మీరు కనపడితేగా అంది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఇంత పొందికగా ఎప్పుడూ పోట్లాడుకోలేదు. చివరికి పిన్ని సందు తలుపు తీయించుకుని, పక్కకి తిరిగి లోపలికి దూరి, తన సంచిలోని కుట్టుసుద్ద తీసింది. చొక్కా తిరగేసి కుట్టేవాళ్ళకి ఇది రోజూ ఉండే తంటాయే, గుడ్డ తిరగేస్తే ఎడమ చెయ్యి కుడి చెయ్యవుతుంది, అందుకే మేం ముందు గుర్తు పెట్టుకుంటాం అని చెబుతూ, బాబాయి చొక్కా కుడి చేతి మీద పెద్ద అక్షరాలతో ‘వేడి’ అని రాసింది. ఆ తర్వాత ఒక్క గదిలోనూ పొరపాటు జరగలేదు.

ఆ సందు ఎంత ఇరుకో, ఎంత ఉక్కపోతో పిన్ని అప్పుడే చూసింది. మళ్ళీ గదిలోకొచ్చి నిలబడ్డాక ఆవిడ మాటల్లో పదును తగ్గింది.

పని సాగుతున్నకొద్దీ గోడకి అటూ ఇటూ కబుర్లు సాగాయి. గది పూర్తయినప్పుడల్లా బాబాయి, వచ్చాయా అని కేకేసేవాడు. పిన్ని, వచ్చాయి అనేది. మధ్యమధ్య ఆవిడ కూతురు కొత్తగా కొన్న కళ్ళజోడు గురించీ, బట్టలు కుట్టించుకుని కొలతలు మారాయని తగువేసుకున్నావిడ గురించీ చెప్పింది. బాబాయి పానా తిప్పుతూ ఊ కొట్టాడు. ఏడాదికి నాలుగు నెలలు ఇంట్లో ఉన్నా ఆయన ఇవేవీ ఎప్పుడూ వినలేదు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ వెళ్ళే రోజు ఎంత దూరముందా అనే ధ్యాసలోనే ఉండేవాడు. ఆ సంగతి ఇప్పుడు గోడ వెనక నిలబడి తెలుసుకుని బాధపడ్డాడు.

మొదటి రోజు సాయంత్రానికి ఒక ఫిర్యాదు కూడా వచ్చింది. ఇరవయ్యేళ్ళుగా ఏటా అదే గదిలో దిగే ముసలాయన, నా కుళాయి పాడుచేశారు, ఎర్రది తిప్పితే చెయ్యి కాలింది అని కాగితం మీద రాసిచ్చాడు. పిన్నితో నాట్యమాడినాయనే. ఆయన గది మళ్ళీ పాత పద్ధతికే మార్చిపెట్టారు. ముసలాయన బాబాయి చెయ్యి పట్టుకుని ఊపి, ఇంత మంచి పనివాణ్ణి ఎక్కడా చూడలేదన్నాడు. పిన్నికి ఆగని నవ్వొచ్చి మొహం అటు తిప్పుకుంది.

ఆరో రోజు మధ్యాహ్నానికి ఒక్క గది మిగిలింది, పిన్ని గది. అన్నం తిన్నాక పిన్ని చెంగుతో చేతులు తుడుచుకుంటూ, మీకు ఈ పనంటే ఇంత ఇష్టమని నేననుకోలేదు, ఆ కాగితం మీద సంతకం పెట్టేసుకోండి, నేనేమీ అనను అంది. వారంనుంచీ ఆ మాట కోసమే ఎదురుచూసిన బాబాయికి అది విన్నాక సంతోషం కలగలేదు. లేచి సందులోకి వెళ్ళిపోయాడు.

పానా తిప్పుతూ ఆలోచించాడు. తప్పు గొట్టాలతో ఇరవై ఆరేళ్ళు నడిచిన ఓడ, తను లేకుండా నడవదా? నడుస్తుంది. ఆ ఆలోచన గుచ్చుకోవాల్సింది. బదులుగా భుజం మీంచి ఏదో దించినట్టయింది. బిగించడం అయిపోయింది. నీళ్ళు వదిలాడు.

“వచ్చాయా?”

“వచ్చాయి.” పిన్ని గొంతు గోడకి ఇంకాస్త దగ్గరికొచ్చింది. “ఏవండీ, ఇందాక సంతకం పెట్టుకోమన్నాను చూశారూ, అది పైమాటే. నాకు మీరు ఇంటికొచ్చేస్తే బాగుంటుంది.”

ఏ రేవునుంచి మాట్లాడినా, ఎప్పుడొస్తారని ఆవిడ అడిగితే బాబాయి జవాబు ఒక్కటే, వస్తాలే. ఆ ‘లే’ ఒక్కటి తగిలించి ఇరవై ఆరేళ్ళు గడిపేశాడు. ఇప్పుడూ అదే నోటికొచ్చింది. మింగేశాడు.

“వస్తున్నా” అన్నాడు.

సందులోంచి బయటపడి, చుట్టూ తిరిగి గదిదాకా రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. పిన్ని కుళాయి కట్టలేదు. మనిషి వచ్చి చేతులు కడుక్కోవాలి కదా అని వేడినీళ్ళు వదిలే ఉంచింది.