కోటమ్మ వేలికి పట్టిన జలగలు

1986లో నేను గుంటూరులో ఒక ఆస్పత్రి సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుని. పత్తి సీజన్ మొదలైందంటే మాకు చేతుల కేసులు వచ్చేవి. గింజలు వేరుచేసే జిన్నింగ్ యంత్రానికి దూది ఏదో, వేలు ఏదో తెలియదు కదా. ఆ జనవరిలో చిలకలూరిపేట దగ్గరి పల్లె నుంచి కోటమ్మను తీసుకొచ్చారు. పాతికేళ్ల మనిషి. కుడి బొటనవేలు కాస్త చర్మం ఆసరాతో వేలాడుతోంది.

"తీసెయ్యమాకండయ్యా! బొటనేలు లేకపోతే పత్తెట్టా తియ్యాల? మిరపకాయ తొడిమెట్టా తుంచాల?" అని డాక్టరు గారిని పట్టుకుని ఏడ్చింది.

మా డాక్టరు గారు అప్పుడే మైక్రోసర్జరీ నేర్చుకుని వచ్చారు. అంటే భూతద్దం సాయంతో సన్నటి రక్తనాళాలు కుట్టే పని. కొన్ని గంటలు కూర్చుని వేలు అతికించారు. రక్తం తెచ్చే ఆర్టరీ కుదిరింది. వెనక్కి తీసుకుపోయే వెయిన్ మాత్రం బాగా నలిగిపోయి కుట్టుకు అందలేదు. మర్నాడు పొద్దుటికి వేలు ఉబ్బి నేరేడుపండు రంగుకి తిరిగింది. దీన్నే వీనస్ కంజెషన్ అంటాం. వచ్చిన రక్తానికి పోయే దారిలేక లోపలే గడ్డకడుతుంది.

"సాయంత్రానికి రంగు మారకపోతే వేలు తీసెయ్యాల్సిందే సిస్టర్. ఇక మిగిలింది జలగలే" అన్నారాయన.

హాస్యమాడుతున్నారనుకున్నాను. కాదు. జలగ లాలాజలంలో హిరుడిన్ అనే పదార్థం ఉంటుందని, అది రక్తాన్ని గడ్డకట్టనివ్వదని చెప్పారు. జలగ తాగేది కొంచెమే. అది వదిలేశాక కాటు నుంచి గంటల తరబడి రక్తం ఊరుతుంది. అలా కొత్త నాళాలు పుట్టేదాకా వేలు బతుకుతుంది. విదేశాల్లో వాడుతున్నారట. మాకు విదేశం నుంచి ఎవరు పంపుతారు? కోటమ్మ భర్త వెంటనే బస్సెక్కి ఊరికి వెళ్లి, గేదెలు పొర్లే మడుగులో దిగి, మధ్యాహ్నానికి తడిగుడ్డ కట్టిన కుండతో వచ్చాడు.

జలగలంటే నాకు ఒళ్లు జలదరింపు. అయినా ఆ వేలు పోనివ్వకూడదని పంతం పట్టాను. చేతిని స్పిరిట్‌తో శుభ్రంగా తుడిచాను, ఒకటికి రెండుసార్లు. శుభ్రత విషయంలో నన్ను మించినవాళ్లు లేరని నాకు గర్వం. ఫోర్సెప్స్‌తో జలగను పట్టి వేలిమీద పెట్టాను. అది తల తిప్పేసుకుంది. ఇంకోటి పెట్టాను. ముడుచుకుపోయింది. మూడోది జారి మంచం మీద పడింది. టైము మూడు దాటింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

కోటమ్మ అత్త సుబ్బమ్మ అప్పటిదాకా మంచం పక్కన నేలమీద కూర్చుని ఉంది. ఇక ఆగలేక లేచింది.

"ఏందమ్మా నువ్వు చేసే పని? ఆ మందుకంపు కొడుతుంటే జలగెట్టా పట్టుద్ది? నాట్లప్పుడు కిరసనాయిలు రాసుకుని మళ్లో దిగితే మా కాళ్ల జోలికే రావు."

"ఇది ఆస్పత్రి పెద్దమ్మా. స్పిరిట్ లేకుండా ఎలా?" అన్నాను కాస్త విసురుగా.

"అట్టాగైతే నీ స్పిరిట్‌నే తాగమను రక్తం!"

డాక్టరు గారు నవ్వాపుకుంటూ, "ఆవిడ చెప్పినట్టు చెయ్యండి సిస్టర్" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. కాచి చల్లార్చిన నీళ్లతో వేలంతా కడిగాను. జలగ పక్కకు పాకకుండా పల్చటి గాజుగుడ్డకు చిన్న చిల్లు చేసి వేలిమీద కప్పాను. ఆ చిల్లులోంచి సూదిమొనతో గుచ్చి ఒక నల్లటి రక్తపుబొట్టు తీశాను. ఈసారి జలగ పెట్టగానే పట్టుకుంది.

దాన్ని వదిలించడానికి వంటగది నుంచి ఉప్పు తెప్పించి పెట్టుకున్నాను. సుబ్బమ్మ ఆ పొట్లం నా చేతిలోంచి లాగేసుకుంది.

"ఉప్పేస్తే తాగిందంతా పుండులోనే కక్కుద్ది. కడుపు నిండితే అదే రాలుద్ది, ఊరుకో."

అదే రాలింది. కాటు దగ్గర రక్తం ఊరుతూనే ఉంది. అయిదయ్యేసరికి నేరేడు రంగు విరిగి, గోరు కింద ఎర్రటి చాయ కనబడింది. సుబ్బమ్మ కోడలి తల నిమిరింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఆరు రోజులు అలాగే చేశాం. వాడిన జలగను మళ్లీ వాడలేదు. ఇన్‌ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్స్ ఇచ్చాం, కారిపోయిన రక్తానికి బదులు రెండు సీసాలు ఎక్కించాం. వేలు నిలిచింది. స్పర్శ మాత్రం రాలేదు. "నరం మెల్లగా పెరుగుతుంది, రావచ్చు, రాకపోవచ్చు" అన్నారు డాక్టరు గారు. కోటమ్మ మొద్దువేలితోనే ఇంటికి వెళ్లింది.

ఆ తర్వాత స్పిరిట్ సీసా అందుకునే ముందు మంచం పక్కనున్న మనిషిని ఒక్కమాట అడగడం అలవాటు చేసుకున్నాను. ఎన్నిసార్లు నన్ను తప్పునుంచి కాపాడిందో ఆ అలవాటు.

మరుసటి ఏడు మిరపకోతలప్పుడు కోటమ్మ వార్డు గుమ్మంలో కనిపించింది. కళ్లనిండా నీళ్లు. కుడి బొటనవేలు పైకెత్తి పట్టుకుని పరుగున వచ్చింది. కంగారుపడి ఎదురెళ్లాను.

"ఏమైంది కోటమ్మా?"

"పొద్దున్నించీ తొడిమలు తుంచానమ్మా" అంది నవ్వుతూ, ఏడుస్తూ. "వేలు మండుతోంది! చూడమ్మా, నా వేలు మండుతోంది!"