ఆవు పాఠం, పత్తి పాఠం

దొరల ఏలుబడి రోజుల్లో కర్నూల్లో పంతులు ట్రైనింగు చదివాను. అప్పట్లో మాకు అన్నిటికన్నా భయం పరీక్ష పాఠమే. చిన్నబడి పిల్లల ముందు ఒకరు పాఠం చెప్పాలి, మిగతా వాళ్లం వెనక బెంచీల మీద కూర్చుని, గళ్లు అచ్చేసిన కాగితాల్లో తప్పులు రాయాలి. మాస్టరుగారు ఆ కాగితాలు చూసి మార్కులు వేస్తారు. తప్పినవాడికి సర్టిఫికెట్టు రాదు, మళ్లీ చేరే వీలూ లేదు.

నాకు ఆవు పాఠం వచ్చింది. ఏటేటా ట్రైనింగుకొచ్చిన ప్రతివాడూ ఆ పిల్లలకు ఆవునే చెప్పి పోయినట్టున్నాడు. నేను బొమ్మ తగిలించకముందే చేతులు లేచాయి. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు వచ్చేసేది. చివర్లో ముందు వరుస పిల్ల లేచి, "సార్, నెమరేసేది అడగల్యేదు మీరు" అని గుర్తుచేసింది కూడా! మాస్టరుగారు భేష్ అన్నారు. ఇందులో నేను నేర్పిందేమిటో నాకు బోధపడలేదు. అయినా సంతోషపడ్డాను.

మరునాడు నా గదిలో ఉండే అతని వంతు. ఆత్మకూరులో దూది ఏకే సాయిబు కొడుకు. ఈ పరీక్ష తప్పితే అతనికీ దూది ఏకడమే గతి. పత్తి పాఠం ఇచ్చారు. బొమ్మ తేలేదు, సంచెడు పత్తికాయలు తెచ్చి పిల్లల చేతుల్లో పోసి గింజలు తీయమన్నాడు. ఇక చూడాలి! దూది గది నిండా ఎగిరింది. పిల్లలు బెంచీలెక్కారు. నూలెట్లా అవుతుందని ఒకడు, గింజెందుకు వదలదని ఇంకొకడు, ప్రశ్నలే ప్రశ్నలు. నల్లబల్ల మీద ఒక్క అక్షరం పడకముందే గంట కొట్టేశారు.

మంచి పాఠమా, చెడ్డ పాఠమా? కాగితం ముందు పెట్టుకుని ఎంత తన్నుకున్నా తేలలేదు. గళ్లలో అడిగిందానికి జవాబు రాశాను: క్రమశిక్షణ లేదు, సారాంశం లేదు, నల్లబల్ల వాడలేదు. అందరూ అదే రాశారు. అతను తప్పాడు.

అతను పెట్టె సర్దుకుంటుంటే దగ్గరికి పోయి, "నేను అబద్ధం రాయల్యేదప్పా" అన్నాను.

"రాయల్యేదులే, నాకు తెలుసు. పిల్లోల్లు నేర్చుకున్న్యారా లేదా? అది యాడ రాసినావప్పా?"

"దానికి గడి లేదు."

నా జవాబు నాకే అసహ్యం వేసింది. సాగనంపడానికి వీధి దాకా కూడా పోలేకపోయాను. ఆ ఏడు నా చేతికొచ్చిన సర్టిఫికెట్టు అతనిదేమోనన్న అనుమానం, ఇన్నేళ్లు పంతులుగిరీ చేసినా, నాకింకా పోలేదు.