లచ్చి కాలి వేళ్ళు

వంటింట్లో ఉలవలు ఉడుకుతుంటే మావాళ్ళందరికీ చారు మీదకి ధ్యాస పోతుంది, నాకు మాత్రం ఆమదాలవలస స్టేషన్ బయట జట్కా తోలే మా తాతా, ఆయన గుర్రం లచ్చీ గుర్తొస్తారు. తెల్లారేసరికి పెరట్లో పొయ్యి మీద ఉలవలు కుతకుతలాడేవి; ఆ ఆవిరీ, తడి గడ్డీ, గుర్రపు లద్దె కలిసిన వాసన మా దుప్పట్లలోకి కూడా ఎక్కేసేది. ముందు లచ్చి తినాలి, మిగిలితే మాకు. తన పేరు కన్నా గుర్రం పేరే తాత ఎక్కువ పిలుస్తాడని నాయనమ్మ పోయేదాకా ఉడుక్కుంటూనే ఉండేది.

నేను ఆరో తరగతిలో ఉండగా సైన్సు మాస్టారు గుర్రాల పూర్వీకుల పాఠం చెప్పారు. కోట్ల ఏళ్ళ కిందట అవి నక్కంతే ఉండేవట, అడవుల్లో ఆకులు మేసేవట, ముందు కాళ్ళకి నాలుగేసి, వెనక కాళ్ళకి మూడేసి వేళ్ళుండేవట. అడవులు పలచబడి గడ్డి బీళ్ళు పెరిగాక తరతరాలుగా ఒక్కో వేలూ పోయి, చివరికి నడిమి వేలే గిట్టగా మిగిలిందట. నోరు మూసుకుని ఊరుకోవచ్చుగా నేను! ఇంటికొచ్చి తాతకి అంతా ఒప్పజెప్పాను, అదీ నక్క బదులు కుక్క అని.

"ఏటీ? మా లచ్చి కుక్కకి పుట్టిందని సెప్తన్నాడేటి మీ మాస్టారు?"

ఇక ఆ బడికి పంపేది లేదన్నాడు. తాత మాటంటే మాటే. మా అత్త చదువు ఐదుతో అలాగే ఆగిపోయింది. రెండు రోజులు లద్దె ఎత్తుతూ ఏడ్చాను. మూడో రోజు నన్ను స్టేషన్‌కి వెంట తీసుకెళ్ళాడు. మాస్టారు రైలు దిగి రోజూలాగే మా జట్కా ఎక్కబోతే, నాలుగు వేళ్ళ గుర్రమేదో ఉందటగా, దాన్నే ఎక్కమన్నాడు. గడ్డిమోపు మీద కూర్చున్న నాకు, నా చదువు ఆ క్షణంలోనే అయిపోయిందనిపించింది.

మాస్టారు నొచ్చుకోలేదు. ప్యాంటు మడిచి లచ్చి పక్కన గొంతుకూర్చుని, తాత చెయ్యి పట్టుకుని దాని మోకాలి కింద పెట్టారు. పెద్ద ఎముక వెనక అటొకటీ ఇటొకటీ, చర్మం కింద పుల్లల్లాంటి సన్నటి ఎముకలు. పోయిన వేళ్ళ గుర్తులు ఇవేనన్నారు. రోజూ ఆ కాళ్ళకి నూనె మర్దనా చేసే తాత, చాలాసేపు తడుముతూ ఉండిపోయాడు.

"ఇయ్యా? ఇయ్యి నాకు తెల్సినవే. నరాలనుకున్నాను," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఎక్కవే గుంటా, బడికి ఏళైపోతంది," అన్నాడు.

మర్నాటి నుంచీ లచ్చి కాళ్ళు తడమందే ఎవర్నీ జట్కా ఎక్కనిచ్చేవాడు కాదు. రైలు తప్పిపోతుందని మొత్తుకుంటున్న పెళ్ళికూతురి చేత కూడా తడిమించాడు. ఆయన లెక్కలో లచ్చి ముత్తాతల వేళ్ళు నాలుగు నుంచి ఎనిమిదికి పెరిగాయి, మాస్టారు దిద్దబోయి మానుకున్నారు.

మొన్న ఆమదాలవలసలో రైలు దిగితే బయటంతా ఆటోలే. ఒకటి ఎక్కి, ఇక్కడే వరసగా జట్కాలు నిలబడేవని, మా తాత గుర్రం కూడా ఉండేదని డ్రైవరుకి చెప్పాను. కుర్రాడు అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇక్కడ గుర్రాలేటి మేడమ్?" అని నవ్వేశాడు.

నాకు అచ్చం తాతకొచ్చినంత కోపమొచ్చింది. కానీ అతని చెయ్యి పట్టుకుని తడిమించడానికి నా దగ్గర పుల్లంత ఎముకైనా లేదు.