గుండె అని చెప్పు

లేస్యా హ్రిత్సాక్‌కు యాభై ఆరేళ్ళు. ఇన్నేళ్ళలో సస్కాచెవాన్ గోధుమ చేలల్లో ఎన్ని సాయపు కోతలకు వండి వడ్డించిందో ఆమెకే గుర్తు లేదు. ఆ చుట్టుపక్కల ఏ రైతైనా కోతల వేళ మంచాన పడ్డాడంటే పిలవనక్కర్లేదు, అడగనక్కర్లేదు. అడగడమంటేనే అక్కడ నామర్దా. పొరుగువాళ్ళు తమ చేలు తమకుండగానే కోత మిషన్లు తోలుకొచ్చి, అతని పంట కోసి, గింజలు గాదెల్లో పోసి మరీ వెళ్తారు. పొరుగు రైతు మైరన్ బోద్నార్ గాదె మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు అందరికంటే ముందు వెళ్ళింది లేస్యా మొగుడు ఒరెస్టే. వాల్టర్ అనే ఇంకో రైతుకు క్యాన్సర్ వచ్చిన ఏడాది పద్నాలుగు మిషన్లు వరసకట్టాయి, పేపర్లో ఫోటో కూడా పడింది.

మరి ఒరెస్ట్ పడినప్పుడు ఏమయింది? ఏమీ కాలేదు. పురుగు కూడా రాలేదు.

అతనికి కాలు విరగలేదు, అదీ వచ్చిన చిక్కు. విత్తనాలు వేసే రోజుల నుంచే మాట తగ్గింది. తర్వాత నిద్ర పోయింది, తిండి పోయింది. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం లేస్యా భోజనం పట్టుకెళ్తే చేను నడిమధ్య మిషన్ ఆగి ఉంది. చెట్టంత మనిషి పైన స్టీరింగు పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"దిగడం ఎలాగో తెలీట్లేదు లేస్యా," అన్నాడు. ఆమె చెయ్యి పట్టి దింపాక ఇంకో మాట అన్నాడు. "నేను లేకపోతే నీకే హాయి."

ఆ మాటతో ఆమె అన్నం మూట అక్కడే పారేసి, అతన్ని బండెక్కించి, రెండు గంటలు నడిపి నగరం ఆస్పత్రిలో చేర్చింది. నాలుగో అంతస్తు, మానసిక రోగుల వార్డు. తీవ్రమైన డిప్రెషన్ అన్నారు, వారాలు పట్టొచ్చన్నారు.

చేలో మూడింట రెండు వంతుల పంట నిలబడే ఉంది. వానలు వస్తాయంటున్నారు, ఆ వెనకే మంచు. ఆ గోధుమ పోతే ఏడాది తిండి పోయినట్టే. పొద్దున లేస్యా తనే మిషన్ ఎక్కేది. కొయ్యడం ఆమే, గింజలు లారీలో చేరవెయ్యడం ఆమే. మధ్యాహ్నం అయ్యేసరికి అన్నీ ఆపేసి ఆస్పత్రికి పరుగు. ఒంటి మనిషి ఎంతని కోస్తుంది?

ఊరికి తెలియదనుకుంటున్నారా? తెలియకేం, మూడో రోజుకే అందరికీ తెలుసు. పోస్టాఫీసులో ఆమెను చూసి నిన్నటిదాకా వాగిన నోళ్ళు టక్కున మూతపడ్డాయి. కిరాణా కొట్లో వాల్టర్ పెళ్ళాం బఠాణీ డబ్బా మీద రాతలు చదువుతూ నిలబడిపోయింది. బఠాణీ డబ్బా మీద అంత చదవడానికి ఏముంటుంది! ఇక మైరన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. లేస్యా కూతురికి చర్చిలో బాప్తిస్మం ఇప్పించిన జ్ఞానపిత అతను. ఆ వరస మగవాణ్ని వాళ్ళు కుమ్ అని, ఆడమనిషిని కుమా అని పిలుస్తారు, తోడబుట్టినవాళ్ళకన్నా ఎక్కువ. ఆ కుమ్ ఎదురుగా బండిలో వస్తూ ఆమెను చూసి, తల అవతలికి తిప్పుకుని పోయాడు. లేస్యాకు ఒళ్ళు మండిపోయింది.

తొమ్మిదో రోజున మైరన్ పెళ్ళాం ఎలైన్ ఫోన్ చేసింది.

"ఎలా ఉన్నావు కుమా? మేం రావట్లేదని ఏమీ అనుకోకు. వస్తే మీకు సిగ్గుగా ఉంటుందేమోనని..."

"సిగ్గా? ఎవరికి సిగ్గు? నా మొగుడేమన్నా దొంగతనం చేశాడా?"

"అయ్యో, నేనలా అన్నానా! చూడు, మగవాళ్ళ సంగతి నీకు తెలీనిదా. పైకి అనుకోడానికి వాళ్ళకో మాట కావాలి. ఇలాంటిదాని గురించి ఏమని మాట్లాడుకుంటారు చెప్పు? అందుకే చెప్తున్నా విను. గుండె అని చెప్పు. గుండెలో ఏదో చిన్న ఇబ్బంది అను, చాలు. ఎల్లుండి పొద్దున్నకల్లా అందరూ నీ చేలో ఉంటారు."

"నిజం మీ అందరికీ తెలుసుగా ఎలైన్."

"తెలుసులే. తెలిస్తే మాత్రం?"

లేస్యా ఔననలేదు, కాదనలేదు. కిటికీలోంచి మబ్బు కనిపిస్తోంది. చెంప పగలగొట్టాలన్నంత కోపం, దాని పక్కనే కొయ్యని చేను. ఫోన్ పెట్టేసింది. ఆ మౌనమే అంగీకారమనుకుంది ఎలైన్. ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల మీద ఆమే చెప్పింది, పాపం ఒరెస్ట్‌కు గుండె జబ్బని. అందరూ ఛాతీ మీద శిలువ గీసుకున్నారు. నిన్నటిదాకా తేలుకుట్టిన దొంగల్లా తిరిగినవాళ్ళకు ఒక్కసారిగా నోళ్ళు వచ్చాయి.

సోమవారం మంచు బిందువులు ఆరగానే పన్నెండు మిషన్లు దిగాయి. అన్నిటికంటే ముందు మైరన్‌ది.

కళ్ళు తిరిగేంత వేగంగా కోశారు. ఆ ఒక్కరోజే లేస్యా ఆస్పత్రికి వెళ్ళలేదు. క్యాబేజీ ఆకుల చుట్టలు, ఆలుగడ్డ కూరిన కజ్జికాయల్లాంటి పిరోహీలు పొయ్యి మీంచి దించుతూనే ఉంది. సాయంత్రం ఎండ ఉండగానే ఆఖరి లారీ గాదె చేరింది. మగవాళ్ళంతా చేతులు కడుక్కుని బల్లల చుట్టూ చేరారు.

"ఉప్పు తగ్గించమను వాణ్ని," అన్నాడు ఒకడు.

"వాడి పంది కొవ్వు వేపుడు మానిపించు ముందు. గుండెకు అదే శత్రువు," అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

మైరన్ గ్లాసెత్తాడు. "మా ఒరెస్ట్ గుండె గట్టిపడాలి!"

లేస్యా గరిటె పట్టుకుని నిలబడింది. అన్నం పెట్టిన చేత్తో కొట్టకూడదని ఊరుకుంది గాని, లేకపోతే ఆ గరిటె ఎవరి నెత్తినో పడేది.

అప్పుడే గోడ మీది ఫోన్ మోగింది. ఒరెస్ట్. ఇన్ని రోజుల్లో తనంతట తాను ఫోన్ చేయడం అదే మొదలు.

"ఇవాళ రాలేదేం?" గొంతు సన్నగా ఉంది. "వాన పడిందా? చేను పోయిందా?"

"పోలేదు. మొత్తం కోసేశారు ఒరెస్ట్. మైరన్, వాల్టర్ కొడుకులు, అందరూ వచ్చారు. ఇక్కడే భోంచేస్తున్నారు."

ఒరెస్ట్ అడిగాడు. "నేనెక్కడున్నానో తెలిసే వచ్చారా?"

ఆ గొంతులో నెలల తర్వాత ఒక ఆశ వినిపించింది. అబద్ధం చెప్తే అతను ఈ రాత్రి సుఖంగా నిద్రపోతాడు. రేపు ఇంటికొచ్చాక ఎవడో ఒకడు ఛాతీ తట్టి గుండె ఎలా ఉందిరా అని అడుగుతాడు. అప్పుడు అతనికి మిగిలేదేమిటి?

లేస్యా ఫోన్ చెవిన ఉంచుకునే బల్లల వైపు తిరిగింది.

"ఒరెస్ట్ అడుగుతున్నాడు. తనెక్కడున్నాడో తెలిసే వచ్చారా అని. చెప్పండి! వాడి గుండె దున్నపోతు గుండె, దానికేం కాలేదు. వాడు పిచ్చాసుపత్రని మీరు గుసగుసలాడుకునే ఆ నాలుగో అంతస్తులో ఉన్నాడు. మీ అందరికీ తెలుసు. తెలిసినన్నాళ్ళూ నా గడప తొక్కలేదు. గుండె అనగానే పన్నెండు మిషన్లు వచ్చాయి! మీ తుంటి విరిగితే వాడు పరిగెత్తుకొచ్చాడే, వాడి మనసు విరిగితే మీకు సిగ్గొచ్చిందా?"

"కుమా, అన్నం దగ్గర ఎందుకిప్పుడు..." అని గొణిగింది వడ్డనకు సాయం వచ్చిన ఎలైన్.

"అన్నం నాది. ఎప్పుడు అనాలో నేనే చూసుకుంటా." మళ్ళీ ఫోన్‌లో అంది. "విన్నావుగా. నీ దగ్గర నేను అబద్ధమాడను."

కుర్చీ జరిగిన చప్పుడైంది. మైరన్ లేచాడు. టోపీ తీసుకుని తలుపు వైపు పోతాడనుకుంది లేస్యా. అతను కుంటుతూ వచ్చి చెయ్యి చాపాడు. ఆమె ఫోన్ ఇచ్చింది.

"ఒరే," అన్నాడు. "ఒరే, నేనురా..." అని ఆగిపోయి, ఫోన్‌ను అరచేత్తో మూసి, ఆమె ముఖంలోకి చూడకుండా అడిగాడు.

"అక్కడికి మనుషుల్ని ఎన్నింటికి రానిస్తారు కుమా?"

"రెండు నుంచి ఎనిమిది దాకా," అంది లేస్యా. "పదకొండు రోజులుగా రోజూ అంతే."