కండక్టరు పక్కీరప్ప తిండి ఆరా

మా బళ్లారి వైపు మనిషి ఎదురైతే చాలు, "ఊట ఆయ్తా?" అని పలకరిస్తారు. భోజనమైందా అని. జవాబు కోసం ఎవరూ ఆగరు. ఆగితే పనులు సాగవు. పక్కీరప్ప మాత్రం ఆగేవాడు. ఏం తిన్నావు, ఎన్ని తిన్నావు, అవి ఏ సైజువి, ఇవన్నీ తేలేదాకా టికెట్టు చింపేవాడు కాదు.

రూపనగుడి నుంచి బళ్లారికి పొద్దున ఎనిమిదింటికి బయల్దేరే ప్రైవేటు బస్సుకి ఆయన కండక్టరు. పదకొండేళ్లు నేను ఆ బస్సులోనే తిరిగాను. మొదట కాలేజీకి, తర్వాత కంటోన్మెంటులో ఉద్యోగానికి.

"ఏం తింటివప్పా?"

"ఇడ్లీ."

"ఎన్ని?"

"మూడు."

"హోటల్వా, ఇంట్లోవా?"

"ఇంట్లోవే. నీకెందుకప్పా?"

"ఇంట్లోవైతే పెద్దగా ఉంటాయి. నాలుగు కింద లెక్క."

అప్పుడు ఆ ప్రయాణికుడి చేతికొచ్చేది టికెట్టు.

ఒకసారి ఎర్రప్ప అనే రైతు భార్యతో ఎక్కి, ఒక్క జొన్నరొట్టె తిన్నానన్నాడు. పక్కీరప్ప వంగి ఆయన మొహం చూశాడు. "మరి మీసానికి ఉగ్గాని బొరుగు అంటుకోనుండాదే, అది ఎవురు తినిరి?" అంతే. పక్కన కూచున్న భార్య ఇటు తిరిగింది. "ఇంట్లో ఆకలి లేదంటివి. హోటల్లో యాడ నుంచి వచ్చె ఆకలి? నా రొట్టెకేమొచ్చె?" బళ్లారి చేరేదాకా ఆ పంచాయితీ తెగలేదు. దిగేటప్పుడు ఎర్రప్ప దండం పెట్టి, "నీ బస్సు కన్నా ట్రాక్టరు మేలప్పా. అది తిండి సంగతి అడగదు," అన్నాడు.

ఇంకోసారి దారిలో రవాణా శాఖ అధికారి బస్సు ఆపి పర్మిట్ అడిగాడు. పక్కీరప్ప కాగితాలు చేతికిస్తూ, "పొద్దున ఏం తింటిరి సార్?" అన్నాడు.  అధికారి కళ్లెర్రజేసి, మళ్లీ ఏమనుకున్నాడో, "బ్రెడ్డు. మా ఇంటామె పుట్టింటికి పోయింది," అన్నాడు దిగులుగా. బ్రెడ్డు తిండి కాదంటూ, కాగితాల వెనకే ఒక అరటిపండు కూడా ఆయన చేతికి వెళ్లింది.

ఆ అరటిపళ్లు డ్రైవరు హొన్నూరుస్వామి తల వెనక వేలాడుతుండేవి. ఏమీ తినలేదన్నవాళ్లకి ఒకటి ఇవ్వటం పక్కీరప్ప చట్టం. బ్రేకు వేసినప్పుడల్లా అవి వచ్చి తలకు తగులుతున్నాయని హొన్నూరుస్వామి రోజూ గొణిగేవాడు.

ఇక నా సంగతి. నాకు తొమ్మిదేళ్లప్పుడే టైప్ వన్ డయాబెటిస్ వచ్చింది. ఒంట్లో ఇన్సులిన్ తయారే కాదు, రోజుకు నాలుగు ఇంజెక్షన్లు వేసుకోవాలి. వేసుకున్నాక తినకపోతే చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఈ సంగతి బయటికి పొక్కకూడదని మా అమ్మ నాగవేణి ఒట్టు వేయించుకుంది. "పదహారేళ్ల పిల్లకి షుగరంటే లోకం ఊరుకోదు రాజశ్రీ," అనేది.

కాలేజీలో చేరిన రెండో రోజే ఇంజెక్షన్ వేసుకుని, టైమైపోతోందని తినకుండా బస్సెక్కాను. సగం దారిలో చెమటలు పట్టి, సీటులోంచి పక్కకి వాలిపోయాను. గాలి సోకిందని ఒకరు, నిమ్మకాయ తిప్పండని ఒకరు. పక్కీరప్ప చెవి దగ్గర పెట్టి వింటే నా నోట్లోంచి "చక్కెర" అన్న మాట వచ్చిందట. బస్సు ఆపించి, టీ కొట్టులోంచి గుప్పెడు చక్కెర తెచ్చి కొంచెం కొంచెంగా తినిపించాడు. తేరుకున్నాక ఆయనకి మెల్లగా విషయం చెప్పి, ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను.

"నాకు అర్థమయితే కదా పాపా చెప్పేకి," అన్నాడు. తర్వాత బస్సు వైపు తిరిగి, "పొద్దున తినకుండ వచ్చిందంట. అంతే. ఇంకేం లేదు," అని ప్రకటించాడు.

మర్నాటి నుంచి అందరితో పాటు నన్నూ అడిగేవాడు. కొత్తగా ఎక్కినదాన్ని, ఆయన తీరే అంత అనుకున్నాను.

ఉద్యోగం వచ్చాక డాక్టరు సలహాతో మిషన్ పెట్టించుకున్నాను. చేతి మీద బిళ్లంత సెన్సారు, నడుముకి చిన్న పంపు. అయిదు నిమిషాలకోసారి చక్కెర చూసుకుని, దానంతటదే ఇన్సులిన్ పెంచుతుంది, తగ్గిస్తుంది. పెట్టించుకున్న మొదటి రాత్రి నిద్రలో చక్కెర పడిపోతుందేమోనన్న భయం లేకుండా పడుకున్నాను. ఆ ధీమా మర్నాడు తలకెక్కింది.

ఆ పొద్దున ఆఫీసులో నాతో పనిచేసే ఝాన్సీలక్ష్మి బస్సులో నా పక్కన కూచుంది. పక్కీరప్ప వచ్చాడు.

"ఏం తింటివి పాపా?"

"దోసె."

"ఎన్ని? మందంవా, పలచనివా?"

ఝాన్సీలక్ష్మి కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్లు మండింది. "ఒకళ్ల తిండి సంగతి నీకెందుకు మామా? సిగ్గనిపించదా? నన్ను చూసుకోటానికి మిషనుంది. నువ్వు అక్కర్లేదు."

బస్సంతా విన్నది. పక్కీరప్ప నా నడుము దగ్గరున్న పంపు వైపు ఒక్క క్షణం చూశాడు. "అయితే మంచిదే పాపా," అని టికెట్టు ఇచ్చాడు.

ఆ తర్వాత ఎవరినీ అడగలేదు. మొదట జనానికి హాయిగానే ఉంది. వారం తిరిగేసరికి బస్సు మూగదైంది. కూలికి పోయే మారమ్మ నా పక్కన కూచుని ఒకరోజు అంది: "ఇంట్లో నన్నెవురూ అడగరమ్మా తింటివా లేదా అని. ఆయప్ప ఒక్కడే అడుగుతాండె. ఏం పుట్టిందో, మానేసె." ఏం పుట్టిందో నాకు తెలుసు. కిటికీ వైపు తిరిగాను.

తప్పయిందని రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. నాలుగు నెలలు ఎదురుగా నిలబడి టికెట్టు ఇచ్చిన మనిషికి ఒక్క మాట చెప్పలేకపోయాను. ఒక సోమవారం బస్సులో కొత్త కండక్టరు కనిపించాడు. పక్కీరప్ప మోకాళ్ల నొప్పులని పని మానేశాడట.

బళ్లారిలో దిగేటప్పుడు హొన్నూరుస్వామిని అడిగాను, ఆయనకి తిండి సంగతి అడిగే అలవాటు ఎప్పటినుంచి అని.

"నీకు తెలీదా పాపా? నువ్వు ఆ పొద్దు పడిపోకముందు పద్దెనిమిదేండ్లు చూసినా ఆయప్పని. 'టికెట్, టికెట్' తప్ప ఇంకో మాట లేదు. నిన్నొక్కదాన్నే అడిగితే ఎందుకని నలుగురూ ఆరా తీస్తారంట. దానికని బస్సు బస్సంతా అడుగుతా అనె. ఆ పండ్లు గూడ నీకే. నువ్వు ఒక్కదానివే తింటే బాగుండదని అందరికీ పంచె."

పదకొండేళ్లు ఒక మనిషి ఊరందరిచేత పిచ్చివాడనిపించుకున్నాడు, నా రహస్యం దాచటానికి. నేను దానికి అందరి ముందూ సిగ్గు లేదా అన్నాను.

ఆదివారం కౌల్ బజార్‌లో ఆయన ఇల్లు వెతుక్కుంటూ పోయాను. మోకాళ్లకి నూనె రాసుకుంటూ అరుగు మీద కూచున్నాడు. నన్ను చూసి లేవబోయాడు.

"తప్పయిపోయింది మామా. ఆ పొద్దు అబద్ధం కూడా చెప్పాను. మిషన్ అంతా చూసుకోదు. తినబోయే ముందు అదీ అడుగుతుంది, ఏం తింటావని."

"ఔనా? ఎన్ని అని గూడ అడుగుతాదా?"

"గ్రాముల్లో అడుగుతుంది."

"అబ్బ! నాకంటే గట్టిదే!" అని తొడ చరుచుకుని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. అది చూసి తనే సర్దాడు. "నీ కోసమని ఎవురు చెప్పిరి? ఆ హొన్నూరుస్వామా? వానివన్నీ కోతలు. నాకే తిండి మాటలంటే ఇష్టం పాపా."

ఆయన భార్య సిద్దక్క చేట పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. "ఇష్టమా? ఈయప్పకా? ముప్పై ఏండ్లాయ మా పెండ్లయి. నువ్వు తింటివా అని నన్ను ఒక్కనాడు గూడ అడగలే."

పక్కీరప్ప నూనె సీసా మూత బిగించటంలో మునిగిపోయాడు.

"మామని క్షమించమని అడగటానికి వచ్చానక్కా," అన్నాను.

"ఉండమ్మా, దానికీ వరస ఉండాది. ముందు ఈయప్ప నాకు తప్పయిందని చెప్పాల. నీది ఎనక."

పక్కీరప్ప ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. గోడ పట్టుకుని లేచి, కుంటుకుంటూ వంటింట్లోకి పోయాడు. కాసేపటికి సంగటి గిన్నె, మూడు కంచాలు తెచ్చి వేసి, మొదటి ముద్ద సిద్దక్క కంచంలో పెట్టాడు.